ప్లీడరీ ఎందుకమ్మాయ్?

పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. “అమ్మాయ్, ఊళ్ళో ఇంతమంది వరులుండగా మా అబ్బాయినే ఎందుకు చేసుకోవాలనుకుంటున్నావు?” అని ఏ కాబోయే అత్తగారూ అడగదు. పాట వచ్చా అంటారు, వంట వచ్చా అంటారు, ఎంతవరకు చదివావంటారు. ఆ ఒక్క ప్రశ్న జోలికి మాత్రం పోరు. పోతే పాపం ఆ పిల్ల ఏం చెబుతుంది? “మీరు కబురు పంపారు, మా నాన్నగారు సరేనన్నారు, చీర కట్టుకుని వచ్చి కూర్చున్నాను” అనాలి. మాట నిజమే. కాని ఆ మాటతో లగ్నం కుదరదు.

సీమలో సొలిసిటర్ల ఫర్ములున్నాయే, అవి సరిగ్గా ఈ ప్రశ్నే అడుగుతాయి. అదీ నోటితో కాదు, కాగితం మీద. “మీరు సొలిసిటరు కావాలని ఎందుకనుకుంటున్నారు? ఇన్ని ఫర్ములుండగా మా ఫర్మే ఎందుకు? మూడువందల మాటలకు మించకుండా రాయండి.” ఇరవై, ఇరవైరెండేళ్ళ పిల్లలు ఈ ప్రశ్న ముందు కూర్చుని రాత్రుళ్ళు జాగారం చేస్తూంటారు. వాళ్ళ అమ్మానాన్నలు తలుపు సందులోంచి చూసి, “పిల్ల చదువుకుంటోంది కాబోలు” అనుకుని పాలగ్లాసు పెట్టి వెళ్తూంటారు.

ఈ సంగతి నాకెలా తెలుసంటారా? గోదావరి గట్టున పుట్టిన నేను పెళ్ళయి ఇక్కడికి వచ్చి, ఇక్కడి చదువు చదివి, ఒక మధ్యరకం ఫర్ములో ఇరవయ్యేళ్ళ పైచిలుకుగా సొలిసిటరుగా ఉన్నాను. ఏటా శీతాకాలంలో ఈ అర్జీల కట్టల్లో కొంతభాగం నా బల్ల మీదికి వస్తుంది. చదివి, వీరిని పిలుద్దాం, వీరిని వద్దు అని గుర్తు పెట్టడం నా పనిలో ఒక ముక్క. అంచేత పెళ్ళికూతురి పక్షం బాధా నాకు తెలుసు, పెళ్ళికొడుకు పక్షం విసుగూ నాకు తెలుసు.

మనవాళ్ళకు సీమ లాయరు అనగానే బారిస్టరే గుర్తొస్తాడు. తలమీద తెల్లటి కృత్రిమ జుట్టు, ఒంటిమీద నల్లగౌను, కోర్టులో గంభీరమైన గొంతు. కాని ఇక్కడ కక్షిదారు మొదట వెళ్ళేది మామూలుగా బారిస్టరు దగ్గరికి కాదు, సొలిసిటరు దగ్గరికి. ఇల్లు కొన్నా, వీలునామా రాసినా, రెండు కంపెనీలు కలిసినా, భార్యాభర్తలు విడిపోయినా కాగితం రాసేదీ, చదివేదీ, సంతకం పెట్టించేదీ సొలిసిటరు. వాదించవలసిన అవసరం వస్తే బారిస్టరును పిలుస్తాడు. ఊరేగింపులో గుర్రమెక్కేవాడు బారిస్టరు అనుకోండి, పెళ్ళిపనులన్నీ చేసేవాడు సొలిసిటరు.

ఈ “ఎందుకు” అనే ప్రశ్న పూర్వం లేదు. ఒకప్పుడు సొలిసిటరు కావాలంటే ఒక పెద్ద సొలిసిటరు దగ్గర అయిదేళ్ళు శిష్యరికం చెయ్యాలని 18వ శతాబ్దంలోనే చట్టం పెట్టారు. ఆ శిష్యరికానికి జీతం ఇవ్వడం మాట దేవుడెరుగు, పిల్లవాడి తరఫువాళ్ళే గురువుగారికి పెద్ద మొత్తం చెల్లించుకునేవారు. డికెన్సుగారు 1849–50లలో ప్రకటించిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో డేవిడ్‌ను ఇటువంటి న్యాయవృత్తిలోనే ఒక శాఖలో పెట్టడానికి వాళ్ళ ముసలి అత్తగారు 1,000 పౌన్లు కడుతుంది. వెయ్యి పౌన్లు బల్ల మీద పెట్టినవాణ్ణి “నాయనా, నీ ఉద్దేశ్యమేమిటి?” అని అడిగేవాడెవడు?

ఆడవాళ్ళను అసలే అడగలేదు. 1913లో గ్వినెత్ బెబ్ అనే ఆవిడ తనను సొలిసిటరు పరీక్షకు రానివ్వమని దావా వేస్తే, చట్టంలో ఉన్న ‘వ్యక్తి’ అనే మాటకు ఆడది ఆ సందర్భంలో రాదని న్యాయస్థానం తేల్చింది. 1919లో చట్టం మారింది. 1922లో క్యారీ మారిసన్ మొదటి స్త్రీ సొలిసిటరు అయింది. ఆవిడను గనుక “ఎందుకమ్మా నీకిది?” అని ఫారం ఇచ్చి అడిగి ఉంటే ఎంత చక్కని జవాబు వచ్చేదో అని నాకనిపిస్తుంది.

మనవాళ్ళ సంగతీ చూడండి. గాంధీగారికి వైద్యం చదవాలని ఉండేది. కుటుంబానికి కావలసిన పెద్దమనిషి ఒకాయన, బారిస్టరై వస్తే దివానుగిరీ త్వరగా దొరుకుతుందని సలహా చెబితే 1888లో ఓడెక్కారు. మొగలితుర్రు నుంచి బయలుదేరిన మొక్కపాటివారి పార్వతీశాన్ని ఎందుకు వెళ్తున్నావని గట్టిగా నిలదీసి ఉంటే మనకంత మంచి పుస్తకం వచ్చేదా? కాని ప్రకాశం పంతులుగారిని అడిగి ఉంటే మాత్రం తడుముకోకుండా చెప్పేవారు. రాజమహేంద్రవరంలో ఆయన సెకండు గ్రేడు ప్లీడరు. ఎంత దంచి వాదించగలిగినా పైకోర్టులో నిలబడి మాట్లాడే హక్కు ఆ పట్టాకు లేదు. ఆ గోడ దాటాలంటే బారిస్టరు కావాలి. అందుకని 1904లో ఇంగ్లండు వెళ్ళారు. చేసే పని తెలుసు, అడ్డం వచ్చింది తెలుసు, కావలసిందేమిటో తెలుసు. ఈనాటి ఫారాలలో మేం వెతికేది సరిగ్గా అదే.

ఇప్పటి పద్ధతి రెండు మాటల్లో చెబుతాను. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, లా డిగ్రీయే కానక్కరలేదు. 2021 సెప్టెంబరు నుంచి అందరికీ కలిపి ఒక పెద్ద పరీక్ష పెట్టారు. దాని మొదటి భాగంలో రెండు పేపర్లు, ఒక్కొక్కదానిలో 180 ప్రశ్నలు. రెండో భాగంలో కక్షిదారుతో మాట్లాడటం, ఉత్తరం రాయడం, దస్తావేజు రాయడం లాంటి 16 పనులు చేసి చూపించాలి. వీటితోపాటు రెండేళ్ళు నిజమైన ఆఫీసులో పనిచెయ్యాలి. ఆ రెండేళ్ళ పనికే పెద్ద ఫర్ములు ‘ట్రెయినీ’లుగా తీసుకుంటాయి. మామూలుగా ఆరేసి నెలలు ఒక్కొక్క శాఖలో, మొత్తం నాలుగు శాఖల్లో తిప్పుతాయి. ఫీజులు చాలాచోట్ల వాళ్ళే కడతారు, జీతం ఇస్తారు. అంచేత ఒక్కొక్క కుర్చీకి ఎంత పోటీ ఉంటుందో మీరే ఊహించుకోండి. చాలా ఫర్ములు చేరవలసిన తేదీకి రెండేళ్ళ ముందే ఎంచుకుంటాయి కూడాను.

ఇక నా బల్ల మీదికి వచ్చే జవాబులు ఎలా ఉంటాయంటారా? “చిన్ననాటి నుంచీ నాకు న్యాయమంటే అపారమైన మక్కువ.” ఎన్నో ఏట నుంచమ్మా? “మీ సంస్థకున్న అంతర్జాతీయ ఖ్యాతి నన్ను ఆకర్షించింది.” మా ఫర్ముకు ఇంగ్లండులో మూడు ఊళ్ళలో తప్ప ఎక్కడా ఆఫీసు లేదు. “మీ దగ్గరున్న స్నేహపూర్వక వాతావరణం...” ఎవరు చెప్పారో తెలిస్తే నేనూ వెళ్ళి ఆ వాతావరణంలో కాసేపు కూర్చుంటాను. ఈ మధ్య కృత్రిమ మేధ కూడా వచ్చి చేరింది కదా, అది రాసిచ్చే జవాబులు ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉంటాయి. మడత నలగదు, మనిషి కనపడడు.

నాకొక చిన్న అలవాటుంది. జవాబులో మా ఫర్ము పేరున్న చోట బొటనవేలు పెట్టి మూస్తాను. మూసి, అక్కడ ఎదురువీధి ఫర్ము పేరు పెట్టుకుని చదువుతాను. వాక్యానికి ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోయిందా, అది మాకు రాసిన జవాబు కాదన్నమాట. పదిమంది అబ్బాయిలకు ఒకే ప్రేమలేఖ పంపినట్టు.

ఇదంతా అర్జీలు చదివేదానిగా చెప్పిన మాట. మా ఇంట్లోనే ఒక అర్జీ తయారయ్యేసరికి వ్యవహారం ఇంకోలా కనిపించింది.

మా పెద్దన్నయ్య కుటుంబం మాకు గంట ప్రయాణం దూరంలో ఉంటుంది. అన్నయ్య అకౌంటెంటు. లెక్కల్లో ఘటికుడు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఉగాది పచ్చడి ఒక చేత్తో, ఇన్‌కంటాక్సు కాగితాలు ఇంకో చేత్తో పట్టుకుని వాళ్ళింటికి వస్తారు. వాడి కూతురు, నా మేనకోడలు, యూనివర్సిటీలో లా చదువుతోంది. తొమ్మిది ఫర్ములకు అర్జీలు పెట్టింది. తొమ్మిదీ “విచారిస్తున్నాం” అని జవాబు రాశాయి. మా ఫర్ముకు మాత్రం పెట్టనని ముందే చెప్పింది. “నువ్వున్నావు కాబట్టి తీసుకున్నారనిపించుకోను అత్తయ్యా” అంది. ఆ పౌరుషం నాకు నచ్చింది.

పదో అర్జీకి ముందు నా దగ్గరికి వచ్చింది. చదివాను. చిన్ననాటి మక్కువ ఉంది, ఖ్యాతి ఉంది, వాతావరణం ఉంది. బొటనవేలు పెట్టి మూసి చూపించాను. నవ్వింది. తరవాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అది సరేనే, లాయర్లు చేసే పని నువ్వు మొట్టమొదట కళ్ళారా చూసిందెప్పుడు?” అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. “మా ఫ్లాటు గొడవప్పుడు” అంది చివరికి. “కాని అది రాయకూడదు. నాన్న ఒప్పుకోరు.”

ఆ గొడవ ఏమిటో చెప్పాలంటే ఇక్కడి ఫ్లాట్ల పద్ధతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో ఫ్లాటు కొనడమంటే చాలావరకు శాశ్వతంగా కొనడం కాదు. తొంభైతొమ్మిదేళ్ళకో, నూటపాతికేళ్ళకో లీజు రాయించుకోవడం. నేల ఇంకొకరిది. ఆ నేలకు ఏటా అద్దె కట్టాలి, మన శిస్తు లాంటిదనుకోండి. పూర్వం అది నామమాత్రంగా ఉండేది. ఈ శతాబ్దం మొదటి పదిహేనేళ్ళలో కొందరు కొత్తగా కట్టిన ఇళ్ళ లీజుల్లో ఆ అద్దె పదేళ్ళకోసారి రెట్టింపయ్యేటట్టు షరతులు పెట్టారు.

అన్నయ్య 2011లో కొన్న ఫ్లాటు అటువంటిది. నూటపాతికేళ్ళ లీజు, ఏడాదికి 250 పౌన్ల నేల అద్దె. ఇల్లు అమ్మినవాళ్ళు సిఫారసు చేసిన సొలిసిటరే కాగితాలు చూశాడు. ఆ షరతు గురించి నోరెత్తి చెప్పలేదు. అన్నయ్య సంతకం పెట్టాడు. 2017లో పెద్ద ఇల్లు చూసుకుని ఫ్లాటు అమ్మబోతే, కొనేవాడికి అప్పిచ్చే సంస్థ ఆ లీజు చూసి అప్పు ఇవ్వనంది. బేరం చెడింది. రెండోవాడూ అంతే. అప్పుడు పెట్టెలోంచి లీజు బయటికి తీశారు.

అప్పటికి మేనకోడలికి పదమూడేళ్ళు. వాళ్ళమ్మకు కళ్ళజోడు కనపడక, “ఇదేమిటో చదివి పెట్టవే” అని ఆ కాగితం దాని చేతిలో పెట్టింది. పిల్ల చదివింది. చదివి, గోడ క్యాలెండరు చింపి దాని వెనక పెన్సిలుతో లెక్క కట్టింది. 2011లో 250. 2021లో 500. 2031లో వెయ్యి. 2041లో రెండు వేలు. 2051లో నాలుగు వేలు. అలా కిందికి కట్టుకుంటూ పోయింది. చదరంగం గళ్ళలో వడ్లగింజల కథ మనందరికీ తెలిసిందే కదా, అదే కథ. లీజు ఆఖరి అయిదేళ్ళకు వచ్చేసరికి, అంటే 2131 నాటికి, ఏడాదికి కట్టవలసిన నేల అద్దె 10,24,000 పౌన్లు!

అన్నయ్య ఆ క్యాలెండరు కాగితం చూసి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడట. అర్ధరాత్రిదాకా లోపలికి రాలేదట. పోయే డబ్బు కన్నా వాణ్ణి కుంగదీసింది ఇంకొకటి. నలుగురి లెక్కలు చూసేవాడు తన లెక్క తాను చూసుకోలేదని. ఆ సంగతి ఊళ్ళో ఒక్క తెలుగువాడికి కూడా తెలియనివ్వలేదు. నాకు కూడా వదిన చెబితే తెలిసింది.

తరవాత జరిగినదంతా బహిరంగమే. ఇటువంటి ఇళ్ళవాళ్ళు వేలమంది బయటపడ్డారు. 2019లో పోటీ, మార్కెట్ల అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ విచారణ మొదలుపెట్టింది. ఆ తరవాత కొన్ని కంపెనీలు, నేల యజమానులు రెట్టింపు షరతు తీసేస్తామని ఒప్పుకున్నారు. అన్నయ్య లీజులోనూ 2022లో తీసేశారు. ఆ ఏడే జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం కొత్తగా రాసే ఇళ్ళ దీర్ఘకాలపు లీజుల్లో నేల అద్దె, కొద్ది మినహాయింపులు పోను, ఎంతో తెలుసా? ఒక్క మిరియపు గింజ. నిజంగానే చట్టంలో ఆ మాటే ఉంది. అడిగితే ఏడాదికొక మిరియపు గింజ ఇచ్చుకుంటే సరి. మన వంటింటి పోపులపెట్టెలో తరతరాలకు సరిపడా నేల అద్దె ఉందన్నమాట!

“ఇంత కథ కడుపులో పెట్టుకుని, చిన్ననాటి మక్కువ అని రాస్తావుటే?” అన్నాను.

“ఇంటిగుట్టు కదా అత్తయ్యా.”

నేను వెంటనే రాసెయ్యమనలేదు. రెండు కారణాలున్నాయి. మొదటిది, గాయం చూపించడం వేరు, కారణం చెప్పడం వేరు. మా దగ్గరికి వచ్చే అర్జీల్లో కష్టాల కథలు చాలా ఉంటాయి. చదివినప్పుడు మనసు కరుగుతుంది. కాని ఈ పిల్ల సోమవారం పొద్దున్న మా ఆఫీసుకు వచ్చి నూటయాభై పేజీల లీజు ఓపిగ్గా చదువుతుందా అన్న ప్రశ్నకు ఆ కథలో జవాబు లేకపోతే, సానుభూతి చూపిస్తాం గాని కుర్చీ ఇవ్వలేం.

అందుకని అడిగాను, ఫ్లాటు గొడవ తరవాత నువ్వేం చేశావని. యూనివర్సిటీలో పిల్లలు నడిపే ఉచిత న్యాయసలహా కేంద్రంలో రెండేళ్ళు ఇళ్ళ సమస్యల బల్ల దగ్గర కూర్చుందట. ఒక వేసవిలో ఇళ్ళ క్రయవిక్రయాలు చూసే చిన్న ఆఫీసులో పాత లీజులను యంత్రంలో ఎక్కించే పని చేసిందట. “విసుగు పుట్టలేదుటే?” అన్నాను. “కాగితాలు ఎక్కించమంటే ఊరికే చదువుతూ కూర్చుంటున్నావని రెండుసార్లు కోప్పడ్డారు” అంది. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఇది అర్జీలో ఎందుకు లేదంటే, “గొప్ప సంగతి కాదు కదా” అంది. పిల్లలకు గొప్ప సంగతులంటే ఏమిటో మనమే సరిగా నేర్పడం లేదేమో అనిపిస్తుంది.

రెండో కారణం, వాళ్ళ నాన్న. కథలో సగం పిల్లదే గాని, సగం అన్నయ్యది. వాణ్ణి అడక్కుండా రాయడానికి వీల్లేదన్నాను.

ఆ ఆదివారం నేనే ఫోను చేశాను. అన్నయ్య విన్నాడు. విని, “ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. నా తెలివితక్కువతనం అమ్ముకుంటే గాని దానికి ఉద్యోగం రాదా?” అన్నాడు. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ వినిపించింది.

“నీ తెలివితక్కువతనం గురించి అది ఒక్క ముక్క రాయదు అన్నయ్యా. రాసింది నీకు పంపిస్తుంది. నువ్వు వద్దంటే చింపేస్తుంది” అన్నాను.

పిల్ల మూడురోజులు రాసింది. చివరికి తేలిన పేరా చాలా చిన్నది. సారాంశం చెబుతాను. మా నాన్న లెక్కలు తెలిసిన మనిషి. ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఒక వాక్యం ఉంది. దాని అర్థం చెప్పవలసిన పని ఒకరికి డబ్బిచ్చి అప్పగించారు. ఆ పని జరగలేదు. పదమూడేళ్ళప్పుడు ఆ వాక్యం నేను చదివి, పెన్సిలుతో లెక్క కట్టాను. ఒక వాక్యం ఒక ఇంటిని అమ్ముడుపోకుండా చెయ్యగలదని ఆరోజు తెలిసింది. అప్పటినుంచి అటువంటి వాక్యాలు చదువుతూనే ఉన్నాను. ఆ తరవాత సలహా కేంద్రం, లీజుల ఆఫీసు, అక్కడ తాను చూసినవి రెండు మూడు సంగతులు. అంతే.

నాన్నకు పంపింది. రెండురోజులు జవాబు లేదు. మూడోరోజు కాగితం తిరిగివచ్చింది. అచ్చు వేయించుకుని, అకౌంటెంటు కదా, ఎర్రసిరాతో దిద్ది, ఫోటో తీసి పంపాడు. పిల్ల ఒకచోట “పది లక్షల పౌన్లు” అని రాసింది. దాని పక్కన, “ఇరవైనాలుగు వేలు వదిలేశావు. లెక్క లెక్కే” అని రాశాడు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. వాడి అనుమతి అలా వచ్చింది. పిల్ల ఆ ఫోటో నాకు పంపిస్తే నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుండిపోయాను. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం కూడా వాడు అలాగే ఎర్రసిరాతో దిద్దేవాడు.

ఇంకొక ప్రశ్న మిగిలింది, “మా ఫర్మే ఎందుకు?” దీనికి ఫర్ము పొగడ్తలు అక్కరలేదు. ఆ ఫర్ము ఏ పని చేస్తుంది, ఆ పని నాకెందుకు కావాలి, ఈ రెండూ కలవాలి. అది ఎంచుకున్న పదో ఫర్ములో ఇళ్ళ నిర్మాణానికి ప్రత్యేకమైన శాఖ ఉంది. ట్రెయినీలను మొదటి ఆరునెలల్లోనే కక్షిదారుల సమావేశాల్లో కూర్చోబెడతారు. ఈ సంగతి వాళ్ళ ప్రకటన చూసి రాయలేదు, వాళ్ళు కాలేజీ పిల్లల కోసం పెట్టిన రోజున వెళ్ళి, అక్కడి ట్రెయినీని “నిన్న పొద్దుటినుంచి ఏం చేశారు?” అని అడిగి తెలుసుకుంది. పొగడ్త కన్నా ఆ ఒక్క ప్రశ్న పదిరెట్లు పనిచేస్తుంది.

కాని ఇక్కడొక చిక్కుంది. దాన్ని నేనే బయటికి తీశాను. “ఇళ్ళ నిర్మాణం శాఖ అంటున్నావు. ఆ ఫర్ము కక్షిదారులెవరో చూశావా? ఇళ్ళు కట్టే కంపెనీలు. మీ నాన్నకు ఎదురుపక్షం. రేపు వాళ్ళ తరఫున లీజు రాయమంటే ఏం చేస్తావు?”

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. పేదల పక్షాన పనిచేసే ఆఫీసులున్నాయి, అక్కడికి వెళ్ళవచ్చు కదా అన్నాను. వెళ్ళవచ్చు, అది మంచి పని. కాని అది చెప్పిన మాట నన్ను ఆలోచింపజేసింది. “సలహా కేంద్రంలో నా దగ్గరికి వచ్చేసరికే కాగితం మీద సంతకం అయిపోయి ఉంటుంది అత్తయ్యా. రాసేచోట ఉండాలని ఉంది.”

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఇద్దరు భాగస్వాములు కూర్చున్నారట. పావుగంట కాకుండానే వాళ్ళలో పెద్దావిడ సరిగ్గా ఆ ప్రశ్నే వేసింది. మేనకోడలు చెప్పిన జవాబు నాకు తరవాత అప్పచెప్పింది. “ఆ షరతు రాసినవాళ్ళు కంపెనీకి మేలు చేస్తున్నామనుకుని ఉంటారు. పదేళ్ళు తిరక్కుండానే అప్పిచ్చేవాళ్ళు ఆ ఇళ్ళను చూసి మొహం తిప్పుకున్నారు, విచారణ వచ్చింది, షరతు తియ్యవలసి వచ్చింది. అది కక్షిదారుకు మేలు చేసిన రాత కాదు. నేనక్కడ ఉంటే ముందుగా ఆ మాట చెబుతాను. విన్నాక కూడా, చట్టం ఒప్పుకునే షరతు ఏదైనా కావాలంటే, నాకు నచ్చినా నచ్చకపోయినా రాస్తాను. కాని చదివినవాడికి అర్థమయ్యేటట్టు రాస్తాను.”

“అర్థమైతే కొనరేమో?” అందిట పెద్దావిడ.

“అప్పుడు షరతు సంగతి కంపెనీ మళ్ళీ ఆలోచించుకోవచ్చు” అందిట ఇది.

పెద్దావిడ ఏదో రాసుకుందట. పదిరోజులకు రమ్మని ఉత్తరం వచ్చింది. చేరడానికి ఇంకా రెండేళ్ళుంది, ఆ పరీక్షలన్నీ ముందున్నాయి. అన్నయ్య ఆ కబురు విని, “జీతమెంత?” అని మాత్రం అడిగాడట. ఆ తరవాత ఆ ఊరి తెలుగువాళ్ళ సంక్రాంతి భోజనాల్లో ఎవరో కొత్త ఫ్లాటు కొంటున్నామని చెబితే, “సంతకం పెట్టకముందు నేల అద్దె పేరా ఒకసారి చూసుకోండి. నేను చూసుకోక దెబ్బ తిన్నాను” అని పదిమందిలో అన్నాడని వదిన ఫోను చేసి చెప్పింది. ఉద్యోగం కబురు కన్నా వదిన గొంతులో ఈ కబురుకే సంతోషం ఎక్కువ వినిపించింది.

పాఠకులలో పిల్లల్ని ఈ దారిన పంపుతున్నవారు కొందరుంటారు. హైదరాబాదు నల్సారులోనూ, విశాఖ న్యాయ విశ్వవిద్యాలయంలోనూ, ఇక్కడి కాలేజీల్లోనూ చదివే పిల్లలకు కొంచెం అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. వాళ్ళ అర్జీని మీరు దిద్దనక్కరలేదు. ఇంగ్లీషు మనకన్నా వాళ్ళకే బాగా వచ్చు. కాని అర్జీ రాసే రోజుల్లో ఒకపూట పక్కన కూర్చుని, ఈ పని నువ్వు ఎప్పుడు చూశావు, అందులో విసుగు పుట్టించే భాగం చేశావా, చేస్తే మళ్ళీ చెయ్యాలనిపించిందా అని అడగండి. జీతం కోసమంటే కోప్పడకండి, జీతం కావాలనుకోవడం తప్పు కాదు. కాని అది “ఉద్యోగం ఎందుకు” అన్నదానికి జవాబు, “ఈ ఉద్యోగమే ఎందుకు” అన్నదానికి కాదని చెప్పండి. అడిగినదానికి వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే, అదీ మంచిదే. వేరే పని చూసుకోవడానికి ఇరవైరెండేళ్ళు పెద్ద వయసేం కాదు.

జవాబు ఉండి, అది మీ ఇంటి గుట్టయితే మాత్రం కాస్త పెద్దమనసు చేసుకోండి. రాయమనమని నేననను. అది మీరూ మీ పిల్లా తేల్చుకోవలసిన సంగతి. ఎర్రసిరా సీసా మాత్రం దగ్గర పెట్టుకోండి.